కార్మికురాలనని వాదించిన తార

కాలిఫోర్నియా రాష్ట్రపు కార్మిక శాసనములో 2855వ సంఖ్య గల చిన్న విభాగమొకటి కలదు. ఏ మనుష్యుడైనను ఒక యజమానికి స్వయముగా సేవచేయుదునని ఎంత దీర్ఘకాలమునకు ఒడంబడిక వ్రాసియిచ్చినను, ఆ సేవ ఆరంభమైన దినమునుండి ఏడు సంవత్సరములు గడచిన పిమ్మట ఆ పత్రమును చూపి అతనిని నిర్బంధించుటకు వీలులేదని దాని తాత్పర్యము. తోటమాలికిని, వంటవానికిని, గుమాస్తాకును ఉద్దేశింపబడినట్లు తోచు ఈ నీరసమైన శాసనవాక్యమును అచ్చటి న్యాయవాదులు ఒక సినీతార పేర వ్యవహరించుచున్నారు. ఆ తార ఒలీవియా డి హావిలాండ్. 'గాన్ విత్ ది విండ్' చిత్రమున మెలనీ పాత్రను ధరించిన శాంతమూర్తిగా లోకము ఆమెను ఎరుగును. 2020 జూలై 26వ తేదీన, 104 ఏండ్ల వయస్సున, పారిస్ నగరమున ఆమె కన్నుమూసినప్పుడు పెక్కు పత్రికలు ఆ పాత్రనే శీర్షికకెక్కించి, న్యాయస్థానపు ముచ్చటను లోపలి పేరాలలో నొకదానికి వదలివేసినవి. ఈ క్రమము తలక్రిందులైనదని నా యభిప్రాయము. ఆమె నటజీవితము ఆ వ్యాజ్యమునకు ముందు, ఆ వ్యాజ్యమునకు పిమ్మట అని రెండుగా చీలియున్నది; అంతకన్న గమనింపదగిన సంగతి యేమనగా, ఆమె ఆ వ్యాజ్యమున నెగ్గినది కళాకారిణినని గర్వించి కాదు, కార్మికురాలనని చెప్పుకొని.

ఆమె 1916 జూలై 1న టోక్యో నగరమున జన్మించెను. తల్లిదండ్రులు ఆంగ్లేయులు. తండ్రి వాల్టర్ అచ్చటి ఇంపీరియల్ విశ్వవిద్యాలయమున ఆంగ్లము బోధించి పిదప పేటెంటు వ్యవహారముల న్యాయవాదియైనవాడు. తల్లి లిలియన్ రంగస్థలముతో పరిచయము గలది. మరుసటి సంవత్సరము చెల్లెలు జోన్ పుట్టెను. పిల్లలు తరచు జబ్బుపడుచుండుటచే 1919లో ఆ కుటుంబము జపాను విడిచి కాలిఫోర్నియా చేరెను; తల్లీబిడ్డలు సారటోగా అను ప్రశాంతమైన చిన్న యూరిలో నిలిచిపోయిరి, తండ్రి జపానుకే మరలిపోయెను, ఆ దాంపత్యము కాలక్రమమున తెగిపోయెను. తల్లి పునర్వివాహము చేసికొన్న జార్జి ఫాంటేన్ అను నతడు ఒక పెద్ద దుకాణమునకు నిర్వాహకుడు, పిల్లలయెడ మిక్కిలి కఠినుడు. పాఠశాల నాటకమున వేషము వేయదలచినచో ఇంట నుండరాదని అతడు శాసింపగా, ఆ బాలిక ఇల్లు విడిచి పరిచితుల యింట తలదాచుకొన్నదేగాని నాటకమును మానలేదు. తరువాతి చరిత్ర తెలిసినవారికి ఈ చిన్న సంఘటన యందు ఆశ్చర్యమేమియు కనబడదు.

1933లో సారటోగాలోని ఔత్సాహిక సమాజమువారు 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' కథను ప్రదర్శించినప్పుడు ఆలిస్ వేషము ఆమెదే. ఓక్లండులోని మిల్స్ కళాశాలలో చదువుటకు విద్యార్థివేతనము కూడ లభించియుండెను. చదువు ముగించి ఉపాధ్యాయినియై బ్రదుకవలెనని ఆమె సంకల్పము. ఇంతలో ఐరోపా రంగస్థలమున సుప్రసిద్ధుడైన మాక్స్ రైన్‌హార్ట్ 1934లో హాలీవుడ్ బౌల్ అను విశాలమైన ఆరుబయటి ప్రాంగణమున షేక్స్పియరు రచించిన 'మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' నాటకమును ప్రదర్శింప పూనుకొని, హెర్మియా పాత్రధారిణి రాలేని పక్షమున ఆ వేషము వేయుటకు సిద్ధముగా నుండవలసినవారిలో ఆమెను కూడ చేర్చుకొనెను. అందులోను ఆమె వంతు రెండవది. ముందున్న యిద్దరు నటీమణులును చలనచిత్రపు పనులపై వెడలిపోగా, పదునెనిమిదేండ్ల యీ పిల్ల ఆ మహాజనసమూహము నెదుట హెర్మియాగా నిలిచెను. ఆ నాటకమును చిత్రముగా నిర్మించుటకు వార్నర్ బ్రదర్స్ సంస్థ పూనుకొని, 1934 నవంబరులో వారమునకు 200 డాలర్ల వేతనముపై ఆమెచేత ఒడంబడికపై చేవ్రాలు చేయించెను. కళాశాల మాట అంతటితో సరి.

ఆ కాలపు ఒడంబడికలనుగూర్చి కొంత విస్తరించి చెప్పక తప్పదు. అవి తెలియనిచో తరువాతి పోరాటము ఒక ధనికురాలి అలుకగా కనబడును. నాటి హాలీవుడ్‌లోని పెద్ద సంస్థలు నటీనటులను చిత్రమునకింతయని కాక, వారమునకింతయని జీతమిచ్చి ఏండ్ల తరబడి తమ యధీనమున నుంచుకొనెడివి. ఒడంబడిక ఏడేండ్లకు వ్రాయబడినను, ఏటేట దానిని పొడిగించుటకో త్రుంచివేయుటకో గల స్వాతంత్ర్యము సంస్థకు మాత్రమే యుండెను; నటునకు అట్టి స్వాతంత్ర్యము లేదు. ఏ చిత్రమున నటింపవలెనో, ఏ వేషము వేయవలెనో, ఎవరి ప్రక్కన నిలువవలెనో నిర్ణయించువారు యజమానులు. సంస్థకు ఆ నటునితో పనిలేనప్పుడు ఇతర సంస్థలకు అద్దెకిచ్చి, వచ్చిన సొమ్ములో జీతము పోను మిగిలినది తామే యుంచుకొనుటయు కలదు. ఇచ్చిన వేషము నచ్చలేదని నటుడు నిరాకరించినచో 'సస్పెన్షను' అను శిక్ష పడును; ఆ వేషమును మరియొకరు వేసి ముగించువరకు ఆ నటునకు జీతము లేదు, మరియొకచోట పనిచేయుటకు అనుమతియు లేదు. ఇంతవరకు కఠినమేగాని వింత కాదు. వింత యేమనగా, అట్లు జీతములేక ఇంట కూర్చున్న వారములన్నిటిని లెక్కగట్టి సంస్థవారు ఒడంబడిక చివర తగిలించుచుండిరి. గానుగెద్దు తిరిగిన దూరమువలె, అట్టి వానికి గడచిన కాలమెంతయైనను చేరవలసిన గమ్యము దగ్గర పడెడిది కాదు. ఎంత ఎదిరించిన అంత దీర్ఘమగు బంధము. ఎదిరింపకున్నచో దొరకిన ప్రతి వేషమును శిరసావహింపవలసిన బంధము.

మన మదరాసు స్టూడియోలలోను నటీనటులను నెలజీతముపై నియమించుకొనిన దినములు కలవని వృద్ధపాఠకులెరుగుదురు. కాని శిక్షాకాలమును ఒడంబడికకు చేర్చి పెంచుకొనుచు పోవు ఈ యేర్పాటు హాలీవుడ్ వ్యాపారబుద్ధికే చెల్లినది.

ఒలీవియా తొలి యేండ్లు ఆ యేర్పాటునకు లోబడియే గడచినవి. 1935లో 'కాప్టెన్ బ్లడ్' చిత్రమున, అప్పటికి అనామకుడైన ఎరాల్ ఫ్లిన్ అను టాస్మేనియా యువకుని సరసన ఆమెను నిలిపిరి. ఆ జంట జనులకు నచ్చెను. నచ్చిన జంటను విడదీయుట వ్యాపారధర్మము గాదు గనుక ఎనిమిది చిత్రములలో వారిని కలిపిరి. 1936లో వచ్చిన 'ది ఛార్జ్ ఆఫ్ ది లైట్ బ్రిగేడ్' ఆ జంటదే. క్రిమియా యుద్ధములోని లైట్ బ్రిగేడ్ దాడికి కారణముగా భారతదేశపు సరిహద్దులలో లేని సంస్థానమొకదానిని, ఉండని పాలకునొకనిని కల్పించి కాలిఫోర్నియా కొండలలో చిత్రించిన ఆ కథను మనవారు చూచినచో కోపముకన్న ముందు నవ్వు వచ్చును. 1938లో రంగులలో వెలువడిన 'ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్ హుడ్' నిజముగా చక్కని చిత్రము. మారియన్ పాత్రలో ఆమె సౌందర్యమును నేటికిని ఎవరును కాదనజాలరు. కాని ఈ చిత్రములన్నిటిలో ఆమెకు అప్పగించిన కార్యమొక్కటే: వీరుడు కత్తి దూయునప్పుడు కలతచెందుట, ఒరలో పెట్టునప్పుడు చేయి పట్టుకొనుట. 1936లో ఆమె ఒడంబడికను ఏడేండ్లకు తిరుగవ్రాసి వారవేతనమును 500 డాలర్లకు పెంచిరి. వేతనము పెరిగెను, వేషము పెరుగలేదు.

మెలనీ పాత్ర సంస్థ యిచ్చిన వరము గాదు. సెల్జ్‌నిక్ నిర్మింపనున్న 'గాన్ విత్ ది విండ్' కొరకు ఆమెను అద్దెకిచ్చుటకు యజమానియైన జాక్ వార్నర్ అంగీకరింపలేదు. ఆమె అతనితో వాదించి ప్రయోజనము లేదని గ్రహించి, అతని భార్యయైన ఆన్ వార్నర్‌ను తేనీటికి ఆహ్వానించి తన కోరికను విన్నవించెను. ఆ యిల్లాలి మాటవలన అనుమతి లభించెను. చిత్రీకరణము ఆరంభమైన కొలదివారములకే దర్శకుడు జార్జి క్యూకర్‌ను తొలగింపగా, ఆమెయు, కథానాయికయైన వివియన్ లీయును నిర్మాతకడకు పోయి ప్రాధేయపడిరి. ఫలింపకపోగా, ఎవరికిని తెలియకుండ క్యూకర్ యింటికి పోయి తమ పాత్రలపై అతని సలహాలు పొందుచు వచ్చిరి. ఒకరికి తెలియకుండ ఒకరు అతని యింటికి పోవుచుండుట ఇందులోని విశేషము. 1939లో వెలువడిన ఆ చిత్రముపై, అందలి బానిసత్వపు చిత్రణముపై నేడు చెప్పవలసిన మాటలు పెక్కు గలవు. అవి వేరొక వ్యాసమునకు తగినవి. మెలనీ విషయమున నేను చెప్పునది యింతే: మంచితనమును నటించుట క్రూరత్వమును నటించుటకన్న కష్టము; ఆమె మెలనీ మంచితనమున బుద్ధిహీనతను గాని ప్రదర్శనబుద్ధిని గాని రానీయలేదు. సహాయపాత్రకు ఆస్కార్ పోటీలో ఆమె పేరు నిలిచెను. బహుమానము అదే చిత్రమున నటించిన హాటీ మెక్‌డానియల్‌కు దక్కెను.

మెలనీ తరువాత తిరిగి తన స్టూడియోకు వచ్చిన ఆమెకు లభించినది మరల పాత వేషములే. ఆమె నిరాకరించుట మొదలుపెట్టెను. సంస్థ శిక్షించుట మొదలుపెట్టెను. 1941లో 'హోల్డ్ బాక్ ది డాన్' అను చిత్రమున ఆమె నటనకు ఆస్కార్ పోటీలో ఉత్తమనటిగా పేరు వచ్చినది. అదియును పారమౌంట్ సంస్థకు అద్దెకు పోయి నటించినదే. అనగా ఆమెకు కీర్తి తెచ్చిన రెండు పాత్రలును పరసంస్థల భిక్షయే. ఆ యేటి బహుమానము ఆమె చెల్లెలు జోన్ ఫాంటేన్‌కు లభించెను. ఆ అక్కచెల్లెండ్ర వైరమును గూర్చి పత్రికలు దశాబ్దముల తరబడి వ్రాసి వ్రాసి అలసినవి. రెండు మహోన్నతమైన నటజీవితములను ఒక యింటి తగవుగా కుదించుట నాకు రుచింపదు గనుక ఆ ప్రసంగమును ఇంతటితో విడిచెదను.

1943 మే మాసమున ఆమె ఏడేండ్ల ఒడంబడిక ముగిసినది. ముగిసినదని ఆమె యనుకొన్నది. శిక్షాకాలము సుమారు ఆరు నెలలున్నది, అంతకాలము ఇంకను పనిచేసి తీరవలెనని సంస్థవారనిరి. అంతకుముందు ఇట్టి సందర్భమున ఒకరిద్దరు తారలు తిరుగబడకపోలేదు. 1936లో అదే సంస్థకు చెందిన బెటీ డేవిస్ ఇంగ్లండు చేరి అచ్చట వేరొకరి చిత్రములలో నటింపబూనగా, వార్నర్లు లండను న్యాయస్థానమున దావా వేసి నిషేధపుటుత్తరువు సంపాదించిరి. ఆమె ఓడి, ఖర్చులను నెత్తిన వేసికొని హాలీవుడ్‌కు మరలివచ్చెను. అంతటి నటి ఓడిన చోట మెలనీవంటి మృదుస్వభావ నెగ్గునని ఎవరును తలంపలేదు.

బెటీ డేవిస్ ఒడంబడిక యందలి షరతులు దాస్యమువంటివని వాదించెను. అది న్యాయమేగాని, చేవ్రాలు చేసిన పత్రము ముందట నిలువని వాదము. ఒలీవియాకు మార్టిన్ గాంగ్ అను న్యాయవాది వేరొక త్రోవ చూపెను. ఆ పత్రము మంచిదా చెడ్డదా యను చర్చయే వలదు. అది ఎంతకాలము చెల్లును అను ప్రశ్న యొక్కటియే అడుగుదము. కాలిఫోర్నియాలో 1872 నాటి శాసనసంహితయే సేవకుని ఒడంబడికకు రెండేండ్ల హద్దు విధించియుండెను. ఆ హద్దు క్రమముగా పెరిగి 1931లో ఏడేండ్లయ్యెను. 1937లో ఆ సూత్రము కార్మిక శాసనమున చేరెను. సూత్రము పుస్తకమున నున్నది, అందరును చదువదగినదిగానే యున్నది. అయినను తారలెవ్వరును దానిని తమకు సంబంధించినదిగా తలంపలేదు. తాము కార్మికులమని తలంపనివారికి కార్మిక శాసనము చదువవలెనని ఏల తోచును? తెల్లవారక మునుపే స్టూడియోకు చేరి, ముఖమునకు రంగు పూసికొని, దీపముల వేడిమిలో ప్రొద్దుక్రుంకువరకు నిలుచుచున్నను, తాము నక్షత్రములమని ప్రకటనకర్తలు చెప్పిన మాటనే వారు నమ్మియుండిరి. ఆ బిరుదు యజమానులకెంత లాభకరమో ఆలోచింపుడు: నక్షత్రమునకు పనిగంటలు లేవు, పదవీవిరమణము లేదు.

1943 ఆగస్టులో ఆమె వ్యాజ్యము దాఖలుచేసెను. ప్రశ్న మిక్కిలి స్వల్పము. శాసనములోని ఏడు సంవత్సరములనగా పంచాంగమున గడచిన యేడేండ్లా, లేక వాస్తవముగా పనిచేసిన దినములను కూడిన యేడేండ్లా? సంస్థవారు రెండవ యర్థమును పట్టుకొనిరి. వారి పక్షమున పలుకదగిన మాట లేకపోలేదని ఒప్పుకొనవలెను: అనామకురాలైన బాలికను తెచ్చి, శిక్షణమిచ్చి, ప్రకటనలకు ధనము వెచ్చించి తారను చేసినవారము మేము; ఆమె తన యిష్టముచేత పని మాని కూర్చున్న దినములను మా లెక్కనుండి ఏల తీసివేయవలెను? వినుటకు న్యాయముగానే యున్నది. కాని ఈ వాదమున దాగిన విషయమొకటి కలదు. పనిచేసిన దినములే లెక్కయైనచో, ఆ యేడేండ్లు పదియేండ్లు కావచ్చును, పదునైదేండ్లు కావచ్చును. హద్దు విధించుటకు పుట్టిన శాసనము హద్దులేని దాస్యమునకు సాధనమగును. నటి యౌవనమన్ననో పంచాంగము ననుసరించియే గడచును.

1944 మార్చిలో క్రింది న్యాయస్థానము ఆమె పక్షమున తీర్పు చెప్పెను. సంస్థ అప్పీలుచేసెను. 1944 డిసెంబరు 8న అప్పీలు న్యాయస్థానము ఆ తీర్పును ఖాయపరచి, ఏడేండ్లనగా పంచాంగమున గడచిన యేడేండ్లే యని స్పష్టపరచెను. ఇంకొక మాటయు చెప్పెను. నా దృష్టిలో ఆ తీర్పునకు ప్రాణమదియే. ప్రతి సస్పెన్షనుకును అంగీకరించుచు వచ్చినది గనుక ఆమె తన హక్కును తానే వదలుకొన్నదని సంస్థవారు వాదింపగా, ఈ రక్షణము ఒక వ్యక్తి ప్రయోజనమునకు గాక ప్రజాప్రయోజనమునకు ఏర్పడినది గనుక కార్మికుడు దానిని వదలుకొందునన్నను చెల్లదని న్యాయస్థానము త్రోసిపుచ్చెను. బలవంతుని యెదుట బలహీనుడు చేసిన చేవ్రాలు ఎంతవరకు అతని యిచ్ఛ యని ఆలోచించిన న్యాయాధిపతులు అన్ని దేశములలోను అరుదు. 1945 ఫిబ్రవరిలో రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము ఈ విషయమును పునర్విమర్శించుటకు నిరాకరించుటతో వ్యాజ్యము పరిసమాప్తమయ్యెను.

ఈ నడిమి కాలమున ఆమె అనుభవించినది సామాన్యము గాదు. ఈమెకు పని యియ్యవలదని జాక్ వార్నర్ ఇతర సంస్థలన్నిటికి తాఖీదులు పంపెను. ఆ సంస్థలన్నియు అట్టి ఒడంబడికలతోనే బ్రదుకుచుండెను గనుక అతని మాటను ఆనందముగా పాటించెను. సుమారు రెండేండ్లు ఆమెకు చిత్రములలో పని లేదు. ఓడినచో తిరిగి ఆ గుమ్మమునకే పోవలెను. గెలిచినను ఎవరైన పిలుతురను నమ్మకము లేదు. యుద్ధకాలము గనుక ఆమె అల్యూషియన్ ద్వీపములకును, దక్షిణ పసిఫిక్ ప్రాంతములకును పోయి సైనికుల ఆసుపత్రులలో గాయపడినవారిని పరామర్శించెను. ఫిజీ ద్వీపమున ఊపిరితిత్తుల వ్యాధి తగిలి తానే ఆసుపత్రి పాలయ్యెను. ముప్పది యేండ్లు నిండకమునుపే తన వృత్తినంతయు పణముగా నొడ్డిన ఈ సాహసమును, చిత్రమున కత్తియుద్ధములు చేసిన ఆమె నాయకులలో నెవ్వరును చేసియుండలేదు.

తీర్పు వెలువడిన వెంటనే ప్రయోజనము పొందినవారిలో యుద్ధమునకు పోయిన నటులు ముఖ్యులు. వారు సైన్యమున గడపిన యేండ్లనుకూడ ఒడంబడిక చివర తగిలించుటకు సంస్థలకు వీలులేకపోయెను. స్టూడియోల నిరంకుశత్వము అంతటితో కూలిపోయెనని కొందరు వ్రాయుదురు, అది అతిశయోక్తి. 1948లో సినిమా శాలలను సంస్థల యాజమాన్యమునుండి వేరుచేయుటకు దారితీసిన అమెరికా సుప్రీముకోర్టు తీర్పును, ఆపైన వచ్చిన టెలివిజనును కలసి ఆ భవనమును పడగొట్టినవి; ఈమె తీర్పు దాని పునాదిరాళ్లలో నొకదానిని లాగివేసినది. పైగా స్వేచ్ఛవలన లాభించినవారు పెద్ద తారలు. వారమువారము జీతము దొరకుచుండిన చిన్ననటులు కాలక్రమమున ఆ జీతమునే పోగొట్టుకొనిరి. ఇందుకు ఆమెను తప్పుపట్టుట న్యాయము కాదుగాని, స్వాతంత్ర్యచరిత్ర చెప్పునప్పుడు ఈ సంగతిని దాచుటయు న్యాయము కాదు.

ఇక వ్యాజ్యమునకు తరువాతి నటిని చూడుడు. 1946లో మిచెల్ లైసెన్ దర్శకత్వమున వచ్చిన 'టు ఈచ్ హిజ్ ఓన్' చిత్రమున, పెండ్లికాని తల్లియై బిడ్డను పరులకు విడిచి, దూరమునుండి ఆ బిడ్డను చూచుచు నడివయస్సునకు చేరిన స్త్రీని ఆమె ప్రదర్శించి మొదటి ఆస్కార్ బహుమానము నందుకొనెను. 1948లో అనటోల్ లిట్వాక్ నిర్దేశించిన 'ది స్నేక్ పిట్' చిత్రము ఉన్మాదచికిత్సాలయమున బంధింపబడిన గృహిణి కథ. ఆ పాత్రకొరకు ఆమె అట్టి ఆసుపత్రులకు పోయి రోగులను, వారికి జరుగు చికిత్సలను కన్నులార పరిశీలించెను. జుట్టు చెదరి, కన్నులు గుంటలుపడి, మాట తడబడు ఆ స్త్రీని చూచినవారు రాబిన్ హుడ్ ప్రేయసిని గుర్తింపజాలరు. అందముగా కనబడవలెనను ఆజ్ఞను ఇక నెవ్వరును ఆమెకు ఈయజాలకుండిరి.

మరుసటి యేడు 'ది హెయిరెస్'. హెన్రీ జేమ్స్ నవల ఆధారముగా న్యూయార్కున ఆడుచుండిన నాటకమును చూచి, దీనిని చిత్రముగా తీయుడని విలియమ్ వైలర్‌ను కోరినది ఆమెయే. తండ్రి నిరాదరణమునకు, ధనాశగల ప్రియుని వంచనకు లోనైన అనాకర్షకయైన కన్య కథ యది. తండ్రిగా రాల్ఫ్ రిచర్డ్‌సన్, ప్రియునిగా మాంట్‌గొమరీ క్లిఫ్ట్. వంచితయై ఆమె పెట్టెతో మెట్లెక్కు ఘట్టమును వైలర్ మరల మరల చేయించెనట. విసిగి ఆమె పెట్టెను అతనిపైకి విసరివేయగా, అది ఖాళీదని అతడు గ్రహించి బరువు నింపించిన పిదప ఆ నడక కుదిరెనట. చిత్రాంతమున, మరలివచ్చిన ప్రియుడు తలుపు బాదుచుండగా, దీపము చేతబట్టి తొణకక మెట్లెక్కిపోవు ఆమె ముఖమున కోపము లేదు, జాలి లేదు, విజయగర్వమైన లేదు. ఆ ముఖమును వర్ణించుటకు నాకు మాటలు చాలవు. రెండవ ఆస్కార్ ఆ ముఖమునకే వచ్చినదని మాత్రము చెప్పుదును.

తరువాతి జీవితమును శీఘ్రముగా చెప్పవచ్చును. నవలారచయిత మార్కస్ గుడ్రిచ్‌తో 1946లో జరిగిన వివాహము 1953లో రద్దయ్యెను. 1955లో 'పారీ మాచ్' పత్రికా సంపాదకవర్గమునకు చెందిన పియర్ గలాంట్‌ను వివాహమాడి పారిస్‌లో స్థిరపడెను. చిత్రములు తగ్గినవి. 1964లో 'హుష్... హుష్, స్వీట్ షార్లెట్' చిత్రమున, తనకు ముందు ఓడిన బెటీ డేవిస్ ప్రక్కనే ఒక మృదుభాషిణియైన దుష్టురాలిగా నటించెను. 1965లో కాన్ చలనచిత్రోత్సవపు న్యాయనిర్ణేతల సంఘమునకు అధ్యక్షురాలయ్యెను; ఆ పీఠమెక్కిన మొదటి స్త్రీ ఆమెయే.

ఆమె పేరుతో వెలసిన న్యాయసూత్రము మాత్రము విశ్రాంతి నొందలేదు. 1987లో గ్రామఫోను సంస్థల ఒత్తిడిపై శాసనసభవారు ఆ సూత్రమునకు సవరణ చేసి, ఏడేండ్లకు వెడలిపోయిన గాయకుడు ఒప్పుకొన్న ఆల్బములను పూర్తిచేయనిచో సంస్థ నష్టపరిహారము కోరవచ్చునని చేర్చిరి. నటునకున్న రక్షణము గాయకునకు ఏల తగ్గవలెనో ఎంత యోచించినను నాకు బోధపడలేదు. ధనవంతులైన విన్నపకర్తలు గలరనుట తప్ప వేరు కారణము కనబడదు. 2008లో జారెడ్ లెటో గాయకబృందముపై వారి సంస్థ మూడు కోట్ల డాలర్లకు దావా వేసినప్పుడు, ఆ బృందము రక్షణకై ఆశ్రయించినది ఈ సూత్రమునే.

నూరేండ్లు దాటిన పిమ్మట ఆమె మరల న్యాయస్థానమునకు పోవుట ఈ కథలో విచిత్రమైన ఘట్టము. బెటీ డేవిస్, జోన్ క్రాఫర్డ్‌ల కలహముపై 2017లో ప్రసారమైన 'ఫ్యూడ్' అను ధారావాహికలో కాథరిన్ జీటా-జోన్స్ ఒలీవియాగా కనబడెను. తన అనుమతి లేకయే తన రూపమును వాడుకొనిరనియు, తాను చెల్లెలిని ఎన్నడును అనని నీచపుమాటతో దూషించినట్లు చూపిరనియు ఆమె, తన నూటయొకటవ జన్మదినమునకు ముందురోజున, వ్యాజ్యము వేసెను. 2018 మార్చిలో కాలిఫోర్నియా అప్పీలు న్యాయస్థానము ఆమె దావాను కొట్టివేసెను; 2019 జనవరిలో అమెరికా సుప్రీముకోర్టు జోక్యము చేసికొనుటకు నిరాకరించెను. ఆమె బాధ యథార్థము. ఆ వయస్సున ఆమె పట్టుదల నమస్కరింపదగినది. అయినను న్యాయస్థానము చేసినది సరియేయని నేననుకొందును. ప్రసిద్ధుల జీవితమును చిత్రించుటకు వారి యనుమతి కావలెనన్నచో, ప్రభువులను గూర్చి గాని నటులను గూర్చి గాని ప్రశంస తప్ప వేరేమియు వ్రాయుటకు వీలుండదు. ఈ వ్యాసమునకును చోటుండదు.

ఈ రెండు వ్యాజ్యములను ప్రక్కప్రక్కన నిలిపి చూచినప్పుడు తోచునదొకటి కలదు. మొదటిసారి ఆమె తన శ్రమనుగూర్చి మాటాడెను, గెలిచెను. రెండవసారి తన ప్రతిమనుగూర్చి మాటాడెను, ఓడెను. శ్రమ ఆమె సొత్తు. ప్రతిమ అప్పటికే లోకుల సొత్తైపోయినది. నటులను దైవములనుగా పూజించు మనవంటివారికి ఈ భేదము అంత సులభముగా మ్రింగుడుపడదు. పటమునకు పాలు పోయుటకు మనము వెనుకాడుట లేదు. ఆ పటములోని మనుష్యుడు ఏ షరతులపై పనిచేసెనో, అతని ప్రక్కన దీపము పట్టుకొన్నవానికి ఆనాటి కూలి అందినదో లేదో అడుగుట మనకు రసభంగముగా తోచును. ఒలీవియా డి హావిలాండ్‌కు అది రసభంగముగా తోచలేదు. న్యాయస్థానమున ఆ ప్రశ్న అడిగి సమాధానము రాబట్టుకొన్న తరువాతనే ఆమె ఉత్తమాభినయమంతయు వెలువడినది.

కనుక ఆమె చిత్రములను ఇదివరలో చూడనివారికి, ఒక్క చిత్రము చూచుటకు మాత్రమే తీరిక గలవారికి, నాదొక మనవి. మూడు గంటలు దాటిన 'గాన్ విత్ ది విండ్' జోలికి ఇప్పుడే పోకుడు. 'ది హెయిరెస్' చూడుడు. అది ఆమెకు ఎవ్వరును అప్పగించినది కాదు, తానై ఎన్నుకొన్నది.